మూరా, జానా

కావుంతురుత్తు రేవులో పంకజాక్షి ముప్ఫై ఒక్క ఏళ్ళు పంచాయతీ పడవ నడిపింది. అన్నేళ్ళలో ఆమె చేతుల్లో పదకొండు గెడలు అరిగాయి. కొత్త వెదురు తెచ్చుకున్నప్పుడల్లా దానికి కింద ఇనప పొన్ను తొడిగి, పాత గెడ పక్కన పడుకోబెట్టి, పాతదాని మీదున్న గాట్లన్నీ కొడవలి మొనతో కొత్తదాని మీదికి దించుకునేది. ఏ ఏడు కాలువ నీళ్ళు ఎందాకా వచ్చాయో ఆ గాట్లు చెప్పేవి. రేవు మెట్లలో అన్నిటికన్నా కింది రాయి మీద గెడ నిలబెట్టడం, నీటి అంచు తాకినచోట గాటు పెట్టడం. అన్నిటికీ పైన, మిగతావాటికి దూరంగా ఒక్కటే ఉన్న గాటు పెద్ద వరదది.

"జాతకం గెడ మీద రాయించుకున్నదానివి నువ్వొక్కదానివే పంకజాక్షీ," అని టీకొట్టు కురియచ్చన్ వేళాకోళం చేసేవాడు.

"నాది కాదు చేట్టా, కాలువది. నీది రాయాలంటే వెదురుపొద కావాలి," అనేది ఆమె, ఆయన్ని అన్న వరసతో పిలుస్తూ.

కాయల్ సరస్సు అవతలి ఒడ్డునుంచి పంతొమ్మిదేళ్ళ కోడలుగా వచ్చింది పంకజాక్షి. మొగుడు దివాకరన్ కల్లు గీసేవాడు. రెండో కూతురు పుట్టిన ఏడు కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. తుంటి విరిగి మంచమెక్కితే, వాళ్ళ చిన్నాన్న వదిలేసిన రేవు పడవ ఆమె అడిగి తీసుకుంది. ఆడది గెడ పట్టడం ఆ దరిని ఎవరూ చూడలేదు. "ఇక మన ప్రాణాలు చీరకొంగుకి కట్టుకోవాలి," అన్నాడు అప్పటికి నల్లజుట్టుతో ఉన్న కురియచ్చన్. ముప్ఫై ఒక్క ఏళ్ళలో పడవ ఒక్కసారి కూడా బోల్తా పడలేదు. ఆ మాట మీద మాత్రం ఆయన ఎన్నడూ నోరు విప్పలేదు.

తురుత్తు, అంటే ఆ లంక, లోపల నలభై మూడు ఇళ్ళు. వాటి వెనక అంతా పొలాలు. ఇళ్ళ ముందు కాలువ. కాలువకి ఇవతల రోడ్డు, బడి, టీకొట్టు, బస్సు. లోపలివాళ్ళకి ఏం కావాలన్నా ఇవతలికి రావాలి. రేవు దగ్గర వంతెన కావాలని ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నారు. ప్రతి ఎన్నికకీ ఎర్రజెండా వాళ్ళు ఒక వంతెన, అవతలి పార్టీవాళ్ళు ఒక వంతెన మాటల్లో కట్టి వెళ్ళేవారు. చివరికి ఒక ఏడాది నిజంగానే డబ్బు మంజూరైంది. వార్డు మెంబరు అనిరుద్ధన్ టీకొట్టు ముందు టపాకాయలు కాల్చాడు.

"మరి నీ సంగతేంటి పంకజాక్షీ?" అని అందరూ అడిగారు.

"నాకూ రెండు కాళ్ళున్నాయి. నేనూ వంతెన మీద నడుస్తా," అంది. ఆ మాట ఆమె మనసులోంచే అంది. వానాకాలంలో తెల్లారకుండానే లేచి తడిగెడ పట్టుకుంటే భుజాలు ఎలా లాగేస్తాయో ఆమెకొక్కదానికే తెలుసు.

జనవరిలో పంచాయతీ ఇంజనీరు ప్రసీత వచ్చింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల. కొలతలు తీసుకుని, రేవు గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత గీయించి వెళ్ళింది. వంతెన ఆ ఎత్తున వస్తుందని చెప్పింది.

ఆ మధ్యాహ్నం రేవులో ఎవరూ లేనప్పుడు పంకజాక్షి కింది రాయి మీద గెడ నిలబెట్టింది. పెద్ద వరద గాటుకీ ఎర్ర గీతకీ మధ్య చేయి పెట్టి కొలిచింది. గాటుకి పైన గీత దాకా ఒక మూర. ఒక జాన. మళ్ళీ కొలిచింది. అంతే.

పెద్ద వరద రోజున సముద్రపు ఒడ్డునుంచి చేపల పడవలు వచ్చి తురుత్తులో జనాన్ని ఈ కాలువమీదుగానే బయటికి తీశాయి. ఆ పడవల ముక్కు మనిషి ఎత్తు ఉంటుంది. పక్క పంచాయతీ చెంబక్కడవులో అప్పటికే పొట్టి వంతెన ఒకటి ఉంది. అక్కడ పడవలు వంతెన దగ్గరే ఆగిపోయాయి. పంకజాక్షి తన పడవ వేసుకుని ఆ ఊరికీ వెళ్ళింది. నాలుగు రోజుల బాలింతనీ ఆమె పిల్లనీ వానలో వంతెన మీదుగా చేతులమీద ఈ పడవలోంచి ఆ పడవలోకి అందించారు. ఆ అందుకున్న చేతుల్లో పంకజాక్షివి రెండు. పిల్ల కాళ్ళు సబ్బులా జారిపోతుంటే పళ్ళతో గుడ్డ పట్టుకుంది.

మర్నాడు పొద్దుటి దాటింపులు కాగానే పంచాయతీ ఆఫీసుకి వెళ్ళింది.

"ఈ ఎత్తు ఎవరు పెట్టారు మోళే?" అని ప్రసీతని అడిగింది. కూతురి వయసు పిల్లలందర్నీ ఆమె అలాగే పిలుస్తుంది. వాళ్ళందరికీ ఆమె చేచ్చి, అంటే అక్క.

"ఇచ్చిన డబ్బుకి ఇంతే ఎత్తు వస్తుంది చేచ్చీ. ఇంకా లేపాలంటే రెండువైపులా వాలు పొడుగు పెంచాలి. దానికి ఇందులో సగం మళ్ళీ కావాలి." ప్రసీత బీరువాలోంచి గ్రామసభ పుస్తకం తీసింది. "అయినా ఇది మీవాళ్ళు తీర్మానించిందే కదా? పోయినేడాది. ఎత్తు కూడా రాసే ఉంది. చూడండి, మీ సంతకం. పద్నాలుగోది."

పంకజాక్షి చూసింది. తన సంతకమే. దాని కింద లోపలి ఇళ్ళ పెద్దావిడ నారాయణి అమ్మూమ్మ వేలిముద్ర. దాని కింద లోపలి ఇళ్ళవాళ్ళందరివీ.

ఆ పుస్తకం ఆమెకి బాగా తెలుసు. గ్రామసభ చెల్లాలంటే ఓటర్లలో పదోవంతు మంది రావాలి. వచ్చేది ముప్ఫై మంది. అందుకని సభ అయ్యాక పుస్తకం పడవెక్కేది. వాన పడకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి పంకజాక్షే ఇల్లిల్లూ తిప్పేది. చేపలు తోముతున్నవాళ్ళు చేయి చీరకి తుడుచుకుని సంతకం పెట్టేవారు. పిండి రుబ్బుతున్నవాళ్ళు మోచేత్తో పుస్తకం అదిమిపట్టి పెట్టేవారు. ఏం రాశారని ఎవరూ అడిగేవారు కాదు. పంకజాక్షి తెచ్చిందంటే చాలు. ఆ ఏడు నూట ఇరవై సంతకాలు ఆమె చేతిమీదుగా పడ్డాయి.

ఆఫీసు బయట మెట్ల మీద కాసేపు కూర్చుంది. ఎవరినో తిట్టాలని వచ్చింది. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియలేదు.

వెనక్కి వచ్చేటప్పుడు జంక్షన్‌లో ఇటుకలు దింపుతున్నారు. పంచాయతీకి స్వాగత తోరణం అట. పందేల్లో వేసే పాము పడవ ముక్కు ఆకారంలో కాంక్రీటుతో, పైన దీపాలతో. దానికి కేటాయించిన డబ్బెంతో బోర్డు మీద ఉంది. ప్రసీత చెప్పిన సగానికి కాస్త అటూ ఇటూ.

*

టీకొట్టులో అనిరుద్ధన్ దొరికాడు. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆమె పడవలోనే బడికెళ్ళినవాడు. ఒకసారి పలకతో సహా నీళ్ళలో పడితే జుట్టు పట్టుకుని పైకి లాగింది. ఇప్పుడు తెల్లపంచె, చొక్కా జేబులో రెండు పెన్నులు.

"తోరణం డబ్బు వంతెనకి మార్చు," అంది పంకజాక్షి, కూర్చోకుండానే.

"చేచ్చీ, ముందు ఒక వడ తినండి."

"వడ ఎక్కడికీ పోదు. మార్చు."

"అలా మారదు చేచ్చీ. తోరణం అంటే రెండు పార్టీలూ ఒప్పుకున్నాయి. ఈ పంచాయతీలో రెండు పార్టీలూ ఒప్పుకున్న పని అదొక్కటే." అతను గొంతు తగ్గించాడు. "మార్చి దాటితే వంతెన డబ్బు వెనక్కి పోతుంది. ఇప్పుడు ఎత్తు గిత్తు అని పేచీ పెడితే అసలుకే ఎసరు. పొట్టిదైనా వంతెన వంతెనే. ముందు కట్టనివ్వండి. పైగా ఎత్తు పెంచితే ఎక్కడం కష్టం. నారాయణి అమ్మూమ్మలాంటి వాళ్ళ మోకాళ్ళ సంగతి ఆలోచించండి."

"వరదొస్తే?"

"అలాంటి వరద నూరేళ్ళకోసారి."

"నీకెవరు చెప్పారు? నా గెడకి పైనుంచి రెండో గాటు, మూడో గాటు కూడా చూడు. ఏటేటా పైకే వస్తున్నాయి."

గల్లాపెట్టె వెనకనుంచి కురియచ్చన్ నవ్వాడు. అవతలి పార్టీకి ఆ వార్డులో ఆయనే పెద్ద. "అనిరుద్ధా, నువ్వు అసలు సంగతి వదిలేసి మోకాళ్ళ దగ్గర తిరుగుతున్నావు. వంతెన వస్తే ఈవిడ గెడ పొయ్యిలోకి పోవాలి. ఇవాళ ఎత్తంటుంది. రేపు వెడల్పంటుంది. ఎల్లుండి రంగు బాగోలేదంటుంది. అప్పటికి మార్చి అయిపోతుంది. పడవ పడవగానే ఉంటుంది."

బల్లల మీదున్న నలుగురూ నవ్వారు. అనిరుద్ధన్ నవ్వలేదు కానీ కాదని కూడా అనలేదు. టీ గ్లాసు వంక చూశాడు.

పంకజాక్షికి తిట్టు అంటలేదు. అనిరుద్ధన్ తనవైపు చూడకపోవడం అంటింది. ఎన్నాళ్ళనుంచో వాళ్ళందరూ లోపల ఇదే అనుకుంటున్నారన్నమాట.

"కురియచ్చన్ చేట్టా," అంది, "నీ ఎనిమిదెకరాల ధాన్యం కోత కాగానే దేనిమీద వస్తుంది?"

"పడవ మీద. ఇంకేం విమానంలో వస్తుందా?"

"వానలు ముందొచ్చిన ఏడు? నీళ్ళు మూడో గాటు దగ్గరున్నప్పుడు? బస్తాలు ఏడు వరసలు వేసిన పడవ ఆ ఎర్ర గీత కిందనుంచి దూరుతుందా? వంతెనకి అవతల దింపి, మోయించి, ఇవతల ఎక్కించి, మళ్ళీ లారీకి మోయించి. కూలీ నువ్విస్తావా, తోరణం ఇస్తుందా?"

కురియచ్చన్ వేళ్ళమీద బస్తాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆమె వడ తినకుండానే దిగిపోయింది.

ఇంట్లో దివాకరన్‌కి కబురు అప్పటికే చేరింది. కర్ర పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. గోడ మీద పార్టీ క్యాలెండరు, దాని పక్కన పార్టీ పెద్ద ఒకాయన ఫొటో, దాని కింద పెళ్ళి ఫొటో, ఆ వరసలో.

"ఏమే, మన పార్టీ పని మీద కురియచ్చన్ కొట్లో నిలబడి గొడవ చేశావట."

"కూర్చోమన్నాడు. నేనే కూర్చోలేదు."

"నవ్వులాటగా ఉందా? నలభై ఏళ్ళ మెంబరుషిప్పు నాది. సభలో పార్టీకి ఎదురుగా చెయ్యెత్తావంటే ఈ గడప తొక్కకు."

"గడప నా పేరు మీదుంది," అంది పంకజాక్షి పొయ్యి రాజేస్తూ. "కర్రపెండలం ఉడకేస్తాను. చేపకూర మిగిలిందా, మొత్తం ఊడ్చేశారా?"

తినేటప్పుడు ఆయన అన్నాడు: "అనిరుద్ధన్ అన్నదాంట్లో ఒకటి నిజం. డబ్బు వెనక్కి పోతే ఊరంతా నిన్నే అంటుంది. చచ్చేదాకా అంటుంది."

"తెలుసు."

*

ఫిబ్రవరి మూడో ఆదివారం గ్రామసభ. వారం ముందు అనిరుద్ధన్ ప్లాస్టిక్ సంచి పట్టుకుని రేవుకొచ్చాడు. సభ కాకముందే సంతకాలు కొన్ని పోగేసుకుంటే ఒక పని అయిపోతుందని. పుస్తకంలో తీర్మానం ముందే రాసి ఉంది. వంతెన, ఎర్ర గీత ఎత్తున. తోరణం, జంక్షన్‌లో.

పంకజాక్షి సంచి అందుకోలేదు.

"ఈసారి పుస్తకం పడవెక్కదు. మనుషులెక్కుతారు."

"చేచ్చీ, నూట పది మంది కావాలి. ఎప్పుడైనా వచ్చారా? కోరం లేదంటే సభే లేదు. సభ లేకపోతే తోరణమూ లేదు, వంతెనా లేదు. అప్పుడు నన్నెవరూ ఏమీ అనరు. మిమ్మల్ని అంటారు."

"ఆ సంగతి మా ఇంట్లో ఆయన కూడా చెప్పాడు. నువ్వు బళ్ళో బెంచీలు వేయించు."

ఆ వారం దాటింపులకీ దాటింపులకీ మధ్య నలభై మూడు ఇళ్ళూ తిరిగింది. చేతిలో పుస్తకం లేదు, గెడ ఉంది. ప్రతి వాకిట్లోనూ ఒకటే చెప్పింది. "పోయినసారి నేను తెచ్చినదాని మీద చదవకుండా సంతకం పెట్టారు. నేనూ చదవలేదు. తప్పు నాది. ఈసారి మీరే రండి." కొందరు తలూపారు. కొందరు ఆదివారం పెళ్ళుందన్నారు. "నీ రేవు కోసం మమ్మల్ని తిప్పుతున్నావా?" అని ఒకామె మొహమ్మీదే అడిగింది. "వంతెన కట్టిన రోజే గెడ దించేస్తాను. కట్టాల్సినట్టు కట్టాలి, అంతే," అంది పంకజాక్షి. ఆమె నమ్మిందో లేదో తెలియలేదు.

నారాయణి అమ్మూమ్మ అందరికన్నా లోపల, పొలం గట్టు మీద ఉంటుంది. ఎనభై రెండేళ్ళు.

"నా మోకాళ్ళ గురించి సభలో మాట్లాడతారటగా?" అంది.

"అవునమ్మూమ్మా."

"నా మోకాళ్ళు నాతోనే రావాలి కదా మరి. ఎన్నింటికి పడవ?"

*

ఆదివారం పొద్దున్న పంకజాక్షి రేవు దగ్గర కాలువకి అడ్డంగా కొబ్బరి పీచు తాడు కట్టింది. ఈ ఒడ్డున గుంజకి, ఆ ఒడ్డున కొబ్బరిచెట్టుకి, బిగించి. ఆ రోజు నీటికి పైన సరిగ్గా మూరా జానా ఎత్తున. తాడుకి పాత ఎర్ర చీర పేలికలు కట్టింది, అందరికీ కనపడాలని.

రోడ్డువైపు జనం గుమిగూడారు. "బట్టలారేస్తావా చేచ్చీ?" అని ఎవరో అరిచారు.

"వంతెన కట్టాను," అంది ఆమె. "వరద రోజు వంతెన. ఇంతే సందు ఉంటుంది."

తర్వాత లోపలికి పడవ తోసింది. లోపలి ఇళ్ళనుంచి బడికి రావాలంటే కాలువ వెంబడే రావాలి. బడి దగ్గరి మెట్లు తాడుకి అవతల ఉన్నాయి, రావాలంటే తాడు కిందనుంచే రావాలి.

మొదటి పడవలో ఆరుగురే ఉన్నారు. అందులో నారాయణి అమ్మూమ్మ. తాడు దగ్గరికి వచ్చేసరికి పంకజాక్షి గెడ పడవలో పడుకోబెట్టింది. "అందరూ వంగండి," అంది. వంగితే చాలలేదు. కూర్చున్నవాళ్ళ మెడకి తాడు తగిలింది. పడుకోవలసి వచ్చింది. ఒకళ్ళ మీద ఒకళ్ళు, చీరలూ పంచెలూ కలగాపులగంగా, పడవ అడుగున చిందిన నీళ్ళలో. పంకజాక్షి కూడా వెల్లకిలా పడుకుని, తాడు రెండు చేతులా పట్టుకుని పడవని కిందనుంచి లాగింది. ఎర్ర పేలికలు వాళ్ళ ముక్కుల మీదుగా జారిపోయాయి.

ఒడ్డున జనం పడీ పడీ నవ్వారు.

పడవ అడుగునుంచి నారాయణి అమ్మూమ్మ గొంతు వినిపించింది: "పెద్ద వరదలో నన్ను మహారాణిలా కూర్చోబెట్టి తీసుకెళ్ళారు కదే పంకజాక్షీ. ఇప్పుడు వంతెన కట్టి శవంలా పడుకోబెడుతున్నారా?"

ఆ మాటకి కూడా కొందరు నవ్వారు. ఆ నవ్వు కాసేపటికి ఆగిపోయింది.

రెండో పడవకి పదకొండు మంది. మూడోదానికి పద్నాలుగు. తాడు కబురు ఆమెకన్నా ముందు లోపలికి వెళ్ళింది. చూడ్డానికే వచ్చారు చాలామంది. సొంత పడవలున్నవాళ్ళు వాటిల్లో వచ్చారు. వచ్చినవాళ్ళందరూ పడుకున్నారు, లాక్కున్నారు, అవతల లేచి వెనక్కి తిరిగి చూశారు. చూసి ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. ఒక పడవలో కుర్చీలో కూర్చుని దివాకరన్ వచ్చాడు. తాడు దగ్గర కుర్చీ దించారు గానీ తుంటి వంగక ఆయన పడుకోలేకపోయాడు. పడవ ఆగిపోయింది. తాడు ఆయన గుండెకి ఆనింది. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని, ఒడ్డున నిలబడ్డ పెళ్ళాం వంక చూశాడు.

"వరదొస్తే నేను ఇక్కడే ఉండాలన్నమాట," అన్నాడు.

పంకజాక్షి వెళ్ళి తాడు ఎత్తి పట్టుకుంది.

రెండింటికి పంచాయతీ ప్రెసిడెంటు ఇంజను పడవలో వచ్చాడు, పక్కన అనిరుద్ధన్. పడవకి ఎండ పడకుండా పైకప్పు. డ్రైవరు తాడుకి పది బారల దూరంలోనే ఇంజను ఆపేశాడు.

"పోనివ్వు," అన్నాడు ప్రెసిడెంటు.

"పోతుంది సారే. పైకప్పు, మీరు, నేను మాత్రం ఇక్కడే ఉంటాం."

ప్రెసిడెంటు ఒడ్డున దిగి, పంచె ఎత్తి పట్టుకుని, బురదలో నడుచుకుంటూ బడికి వెళ్ళాడు.

*

రెండున్నరకి అనిరుద్ధన్ తలలు లెక్కపెట్టాడు. నూట పది కావాలి. రెండొందల ఎనభై ఆరు మంది. బెంచీలు చాలక కిటికీలు ఎక్కారు. రోడ్డువైపు ఇళ్ళవాళ్ళని కురియచ్చన్ కొట్టు మూసి మరీ తీసుకొచ్చాడు. ఆదివారం ఆ కొట్టు మూయడం ఆయన తండ్రి పోయిన రోజు తర్వాత అదే.

ప్రెసిడెంటు మొదలుపెట్టాడు. తాడు కట్టడం నాటకమన్నాడు. కొలత లేకుండా కట్టిన తాడుతో జనాన్ని భయపెడుతున్నారన్నాడు. తన ఉపాధి పోతుందని ఒక మనిషి ఊరి అభివృద్ధికి అడ్డు పడకూడదన్నాడు. పేరు చెప్పలేదు. అందరూ పంకజాక్షి వైపు చూశారు.

ఆమె లేచింది. సభలో ఎన్నడూ మాట్లాడలేదు. గెడ పట్టుకుని ఉంటే బాగుండేదనిపించింది. అది బయట గోడకి ఆనించి ఉంది.

"నా గెడ అబద్ధమైతే కావచ్చు సారే," అంది. "ఇంజనీరమ్మ ఇక్కడే ఉంది. ఆ పిల్లని అడగండి. తాడు తప్పు కట్టానంటే ఇప్పుడే వెళ్ళి కోసేస్తా. వంతెన మీరు చెప్పిన ఎత్తునే కట్టండి. మొదటి సంతకం నేనే పెడతా."

ప్రసీత లేచి నిలబడింది. ప్రెసిడెంటు వంక చూసింది, చేతిలో కాగితాల వంక చూసింది.

"పొద్దున్న నేను వెళ్ళి టేపుతో కొలిచాను," అంది. "తాడు తప్పుగానే ఉంది."

ఒకరిద్దరు ఊపిరి పీల్చుకున్నారు.

"గోడ మీద నేను గీసిన గీత నడిచే పలకది. దాని కింద దూలం వస్తుంది. అది ఇంకో జానెడు కిందికి దిగుతుంది. చేచ్చి తాడు జానెడు ఎక్కువ ఎత్తున కట్టారు. పెద్ద వరద వస్తే నిజంగా ఉండేది మూరెడే."

కిటికీల దగ్గరనుంచి మొదలైన గోల గదంతా నిండింది. ప్రెసిడెంటు బల్ల మీద చేత్తో కొట్టాడు. ఎవరూ వినలేదు. ఆ గోలలో నారాయణి అమ్మూమ్మని ఇద్దరు పట్టుకుని బెంచీ మీద నిలబెట్టారు.

"నా మోకాళ్ళ పేరు చెప్పారట," అంది. "నా మోకాళ్ళు నడవడానికి వాలు పొడుగ్గా కట్టించండి. మెల్లగా ఎక్కుతాను. నాకేం తొందర? ఆ జంక్షన్‌లో పాము పడవ ముక్కు కడుతున్నారట. అది నీళ్ళ మీద పోతుందా?"

"పోదు," అని ఎవరో అరిచారు.

"మరి ఎందుకది?"

ప్రెసిడెంటు దగ్గర దానికి జవాబు ఉంది. పర్యాటకం, పంచాయతీ పేరు, రెండు పార్టీల ఒప్పందం. అన్నీ చెప్పాడు. ఆయన చెప్పడం అయ్యేదాకా కురియచ్చన్ ఆగాడు.

"మా పార్టీ తరఫున ఒప్పుకున్నది నేనే," అన్నాడు. "ఇప్పుడు ఒప్పుకోవడం లేదు. తోరణం లేకపోయినా మన ఊరు ఎక్కడుందో పన్ను వసూలుకి వచ్చేవాడికి తెలుసు."

అనిరుద్ధన్ లేచాడు. జేబులో రెండు పెన్నుల్లో ఒకటి తీశాడు. తీర్మానం రాసిన పేజీ మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు. ప్రెసిడెంటు ఏదో అనబోతే, "సభ ఉన్నప్పుడు సభే రాయాలి సారే," అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఏం ఖర్చవుతుందో గదిలో సగం మందికి తెలుసు. పంకజాక్షి వైపు తిరిగాడు. "చెప్పండి చేచ్చీ. రాస్తాను."

ఆమె చెప్పింది. తోరణం డబ్బు వంతెనకి. దూలం అడుగు పెద్ద వరద గాటుకి నిలువెత్తు మనిషంత పైన. రెండువైపులా పొడుగు వాలు, చేతికి కమ్మీ. మార్చిలోపల పని మొదలు. ఆమె ఆగినచోటల్లా ప్రసీత అంకె అందించింది.

చేతులెత్తమన్నారు. ఎత్తని చేతులు లెక్కపెట్టడం సులువైంది. పదకొండు. అందులో దివాకరన్ చేయి ఒకటి, కాసేపు. కుర్చీలో కర్ర పట్టుకుని గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. అందరూ దించబోతుండగా కర్ర కింద పెట్టి, కొబ్బరిచెట్ల గరుకుతో కాయలు కాసిన ఆ చేయి ఎత్తాడు. పక్కవాడు ఏదో అన్నాడు. "నోర్ముయ్, గడప ఆవిడ పేరు మీదుంది," అన్నాడు దివాకరన్.

పుస్తకం ముందుగా పంకజాక్షి దగ్గరికి వచ్చింది. ఆమె పెన్ను అందుకోలేదు.

"ముందు చదవండి," అంది. "మొదటినుంచి. పైకి."

అనిరుద్ధన్ రెండు పేజీలూ గట్టిగా చదివాడు. రెండొందల ఎనభై ఆరు మంది విన్నారు. అప్పుడు పెట్టింది సంతకం. సాయంత్రం ఆమె తాడు విప్పుతుంటే ఒడ్డున జనం మళ్ళీ గుమిగూడారు. ఈసారి ఎవరూ బట్టలారేయడం గురించి అడగలేదు. ఆ వారం మొహమ్మీదే అడిగినామె వచ్చి తాడు రెండో కొన పట్టుకుంది.

*

వంతెనకి పదహారు నెలలు పట్టింది. తెరిచిన రోజున నారాయణి అమ్మూమ్మ వాలు మీద నాలుగుచోట్ల ఆగి, నాలుగుచోట్లా వక్కాకు వేసుకుని, అవతలికి వెళ్ళి, మళ్ళీ నడిచి వెనక్కి వచ్చింది. జంక్షన్‌లో తోరణం కోసం దింపిన ఇటుకలు బడి గోడకి వాడారు. పంకజాక్షి చెప్పినట్టే ఆ రోజు రేవు గెడ దించింది. పంచాయతీ పడవ తిరిగి అప్పజెప్పి, చిన్నాన్నగారి పాత ధాన్యపు పడవకి తారు పూయించి, కోతలకి బస్తాలు తోలడం మొదలుపెట్టింది.

"ఇందుకా అంత ఎత్తు అడిగావు?" అన్నాడు కురియచ్చన్. "ముందే తెలిస్తే చెయ్యెత్తేవాణ్ణి కాదు."

"తెలిసే ఎత్తావు. మొదటి బస్తాలు నీవే."

మరుసటి ఏడు జూన్ వానలు ముందే వచ్చాయి. కాలువ మూడో గాటు దాటింది. పొలాల్లో మిగిలిపోయిన ఆఖరి ధాన్యం, ఏడు వరసలు, పైన టార్పాలిన్. దాని వెనక, పడవ చివర, పంకజాక్షి నిలబడి గెడ వేస్తూ వంతెన వైపు వచ్చింది. వాన కొడుతోంది. వంతెన మీద గొడుగులతో జనం ఆగి చూస్తున్నారు. కమ్మీ పట్టుకుని దివాకరన్ కూడా ఉన్నాడు.

"తల వంచు పంకజాక్షీ, తల!" అని పైనుంచి అరిచాడు కురియచ్చన్.

"వంచడానికా చేట్టా కట్టించింది?"

దూలం కిందికి వచ్చాక ఆమె గెడని నీళ్ళలోంచి సగందాకా నిలువుగా పైకి లాగింది. గెడ కొనకీ దూలానికీ మధ్య ఇంకా జాగా ఉంది. పడవ దానంతటదే ముందుకి జారింది. వంతెన మీద జనం ఈ కమ్మీ దగ్గరనుంచి ఆ కమ్మీ దగ్గరికి పరిగెత్తారు. ఆమె అవతల వానలోకి నిలువుగా బయటికి వచ్చింది.